కవీ, వీణ అందుకో: రెబెకా క్లార్క్ సొనాటాకు తలమానికంగా నిలిచిన రెండు పంక్తులు

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. రెబెకా క్లార్క్ అనే ఆంగ్ల వయొలా విద్వాంసురాలు 1919లో వయొలాకూ (ఫిడేలును పోలిన కొంచెం పెద్ద వాద్యం) పియానోకూ కలిపి రచించిన సొనాటాను (కొన్ని భాగాలుగా సాగే వాద్యరచనను) మేము కొద్దిమంది శ్రోతలం కలిసి వినబోతున్నాము. వినడానికి వచ్చేవారి చేతికి ఇచ్చే పరిచయపత్రాన్ని తెలుగులో రాసే పని నాకు అప్పగించారు. ఆ సొనాటా స్వరపత్రంలో, సంగీతం మొదలు కావడానికి ముందే, ఆమె ఫ్రెంచి కవి ఆల్‌ఫ్రెడ్ ద ముస్సే రాసిన ‘మే మాసపు రాత్రి’ అన్న కవిత నుంచి రెండు పంక్తులను ఉదహరించారు. ఫ్రెంచి ఉచ్చారణను అరసున్నల సాయంతో తెలుగులో రాస్తే అవి దాదాపు ఇలా ఉంటాయి:

పొఎత, ప్రాఁ తోఁ ల్యుత్. ల వేఁ ద లా జనెస్
ఫెర్మాఁత సెత న్యుయి దాఁ లె వెన ద ద్యూ.

మాటకు మాట వేస్తే, ‘కవీ, నీ ల్యూటు తీసుకో, యౌవనపు ద్రాక్షసారా ఈ రాత్రి దేవుని రక్తనాళాలలో పులుస్తోంది’ అని అర్థం వస్తుంది. ల్యూటు అంటే వేళ్ళతో మీటి వాయించే పాత ఐరోపా తంత్రీవాద్యం. ఈ మాటల వరుస వింటే తెలుగు చెవికి ఎటూ సుఖంగా లేదు. అందుకని వాటిని తేటగీతిలో పెట్టే ప్రయత్నం చేశాను:

వీణ నందుకో కవివరా! విభుని నరము
నరమునందు యౌవనమను నవ్యమధువు
పొంగుచున్న దీ రేయిలో పొరలి పొరలి;
పలుకు మా మత్తు చల్లారు వరకు నీవు.

గణాలు, యతి సరిపోయాయనే అనుకుంటున్నాను. పద్యం మూలానికి న్యాయం చేసిందా, ‘వీణ’ అనవచ్చునా, ‘పులియు’ అన్న క్రియను వదిలివేయడం సబబేనా అన్నవి నా సందేహాలు. పెద్దలు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం

పద్యం ఛందస్సు ప్రకారం నిర్దుష్టంగా ఉంది. ‘నరము నరమునందు’ అన్న మాటను పాదం చివర విరిచి మరుసటి పాదంలోకి ప్రవహింపజేయడం చాలా అందంగా కుదిరింది. అయినా, ఈ రెండు పంక్తులు ఎవరి సంగీతానికి ముందు నిలిచాయో, ఆమె ఏ పరిస్థితులలో వాటిని ఎన్నుకున్నారో చూస్తే ఈ పద్యం ఆ చోట ఇమడదని నాకు అనిపిస్తోంది. అందుచేత మాటల దగ్గరకు రాక ముందు ఆమె సంగీతజీవితాన్ని కొంత చెప్పుకోవడం అవసరం.

రెబెకా క్లార్క్ 1886లో లండన్ శివార్లలోని హారోలో పుట్టారు. తండ్రి అమెరికన్, తల్లి జర్మన్. చిన్నతనంలో తమ్ముడికి జరిగే ఫిడేలు పాఠాలను పక్కన కూర్చుని విని ఆ వాద్యంలోకి ప్రవేశించారు. 1903లో లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరారు. స్వరసమ్మేళనశాస్త్రం బోధించే పెర్సీ మైల్స్ అనే ఉపాధ్యాయుడు ఆమెను పెళ్ళి చేసుకుంటానని అడగడంతో 1905లో తండ్రి ఆమెను చదువు మాన్పించివేశారు. రెండేళ్ళ తరువాత రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి, చార్ల్స్ విలియర్స్ స్టాన్‌ఫర్డ్ వద్ద స్వరరచన నేర్చుకున్న తొలి స్త్రీలలో ఒకరయ్యారు. ఫిడేలు మాని వయొలా పట్టమని ఆమెకు సలహా ఇచ్చింది స్టాన్‌ఫర్డే. వయొలా వాయించేవారు ధ్వని మొత్తానికీ నడిమధ్యన కూర్చుంటారు గనుక సంగీతం ఎలా కూర్చబడిందో వారికి లోపలినుంచి తెలుస్తుందని ఆయన అభిప్రాయం.

ఈ మాటకు కొంచెం వివరణ కావాలి, ఎందుకంటే మన పాఠకులలో చాలామందికి ఫిడేలు తెలిసినంతగా వయొలా తెలియదు. వయొలా ఫిడేలు కన్నా పరిమాణంలో పెద్దది. దాని నాలుగు తీగలనూ ఫిడేలు తీగల కన్నా షడ్జపంచమాల మధ్య ఉన్నంత దూరం కిందికి శ్రుతి చేస్తారు. ఫిడేలుకు ఉండే కింది మూడు తీగలు వయొలాకు పై మూడు తీగలవుతాయి, వాటికి దిగువన గంభీరమైన మంద్రతంత్రి ఒకటి అదనంగా చేరుతుంది. ఫిడేళ్ళు పైన పాడుతుంటే, వయొలా కన్నా పెద్దదైన చెలో కింద ఆధారంగా నిలిస్తే, మధ్యను నింపే పని వయొలాది. శతాబ్దాల పాటు దానిని ఒంటరిగా సభ ముందుకు తీసుకువచ్చినవారు తక్కువ. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాలలో ఇంగ్లండులో దానికి ఏకవాద్య గౌరవాన్ని సంపాదించిపెట్టినవారిలో ముఖ్యుడు లయొనెల్ టెర్టిస్. క్లార్క్ ఆయన వద్ద కూడా శిక్షణ పొందారు. 1923లో ఆమే చతుష్టయ రచనలలో (నాలుగు వాద్యాల బృందానికి రాసినవాటిలో) వయొలా పాత్ర ఎలా పెరుగుతూ వచ్చిందో వివరిస్తూ ఒక సంగీతపత్రికలో వ్యాసం రాశారు. తన వాద్యపు చరిత్రను తానే రాసుకున్న వాద్యకారిణి ఆమె.

1910లో తండ్రి వివాహేతర సంబంధాలను ఆమె తప్పుపట్టినందుకు ఆయన ఆమెను ఇంటినుంచి వెళ్ళగొట్టారు, డబ్బు పంపడం నిలిపివేశారు. కాలేజీ చదువు ఆగిపోయింది. అప్పటినుంచి వయొలాయే ఆమెకు జీవనాధారం. మొదటి ప్రపంచయుద్ధానికి కొద్దిగా ముందు, అంతవరకు పురుషులు మాత్రమే ఉన్న క్వీన్స్ హాల్ వాద్యబృందంలోకి హెన్రీ వుడ్ ఆరుగురు స్త్రీలను తీసుకున్నప్పుడు వారిలో క్లార్క్ ఒకరు. లండన్‌లో పూర్తిస్థాయి వృత్తి వాద్యబృందంలో జీతానికి కుదిరిన తొలి స్త్రీలు వారేనని సంగీతచరిత్రలో చెబుతారు. కాబట్టి ముస్సే పంక్తిలోని మొదటి సగం, ‘కవీ, వీణ అందుకో’ అన్న ఆజ్ఞ, ఆమె చేతి మీదుగా తన సొనాటాపైకి చేరేసరికి కేవలం అలంకారంగా మిగలలేదు. వాద్యాన్ని చేతికెత్తుకోవడమే ఆమెకు కూడూ గూడూ అయింది.

ఇక మాటల దగ్గరకు వస్తాను.

ముస్సే ఈ కవితను 1835లో ప్రచురించారు. కవితాదేవతకూ కవికీ నడుమ సాగే సంభాషణ అది. దుఃఖంతో మూగబోయిన కవిని ఆ దేవత తట్టిలేపుతూ, పలుమార్లు ‘కవీ, నీ ల్యూటు తీసుకో’ అనే మాటలతోనే తన పలుకు మొదలుపెడుతుంది. అంటే ఇది వర్ణన కాదు, పిలుపు. ఫ్రెంచిలో ఈ రెండు పంక్తులకూ పన్నెండేసి అక్షరాలు, ఆరో అక్షరం తరువాత విరామం. మొదటి పంక్తిలో ఆ విరామం సరిగ్గా ‘ల్యుత్’ దగ్గర పడుతుంది. ఆరు అక్షరాల ఆజ్ఞ ముగిసి, ఒక్క క్షణం ఆగి, ఆ తరువాత దానికి కారణం చెప్పడం మొదలవుతుంది. సొనాటా ఆరంభం కూడా అలాగే ఉంటుంది. మొదటి భాగానికి ఆమె పెట్టిన సూచన ‘ఇంపెటువోసో’, అంటే ఉద్ధృతంగా, ఆగలేనంత ఆవేగంతో వాయించమని. వయొలా భేరి మోగినట్టు ఒక పిలుపు పిలుస్తుంది. ఆ తరువాత పియానో ఒక స్వరసమూహాన్ని పట్టి నిలిపి ఉంచితే, తాళపు కట్టుబాటు లేకుండా వయొలా ఒక్కటే విహరిస్తుంది. మన ఆలాపనకు అలవాటుపడిన చెవులకు ఆ చోటు వెంటనే అందుతుంది.

మీ పద్యంలో ఆ పిలుపు తరువాత విరామం లేదు. ‘కవివరా! విభుని నరము’ అంటూ పాదం పరుగెత్తిపోయింది. ‘కవివరా’ అన్న సంబోధన వల్ల మరొక చిక్కు కూడా వచ్చింది. ముస్సే దేవత కవిని ‘నువ్వు’ అని పిలుస్తుంది. ఆ కవిత తొలి పంక్తిలోనే ముద్దు కూడా అడుగుతుంది. అంత చనువున్న నోట ‘వర’ శబ్దం సన్మానసభలో చదివే ప్రశంసలాగా ధ్వనిస్తుంది. ‘కవీ’ అన్న ఏకపదం చాలు.

‘విభుడు’ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సంస్కృతంలో ఆ మాటకు సర్వవ్యాపి, ప్రభువు అన్న అర్థాలు ఉన్నమాట నిజమే. అయితే మన పదసాహిత్యం చదివినవారికి విభుడంటే ముందుగా నాయిక భర్త గుర్తుకు వస్తాడు. యౌవనం, మధువు, రేయి అన్న మాటలు పక్కనే ఉండగా ఆ శృంగారార్థం ఆగమన్నా ఆగదు. మూలంలో ఉన్నది సృష్టికంతటికీ మూలమైన దేవుడు. వసంతరాత్రి ప్రకృతి మొత్తాన్నీ ఆ దేవుని దేహంగా చూసిన ఊహ అది. ‘దేవుని’ అని సూటిగా అనడమే మేలు.

ఇక నాలుగో పాదం. ఆ పాదం ఫ్రెంచిలో లేదు. రెండు ఫ్రెంచి పంక్తులలోని భావం మీకు మూడు పాదాలలోనే పూర్తయింది, తేటగీతికి నాలుగు కావాలి గనుక నాలుగోది పుట్టింది. పాదపూరణ మన కవులకు కొత్తేమీ కాదు. ఇక్కడ మాత్రం ఆ పూరణ అర్థాన్ని వెనక్కి లాగింది. ముస్సే పంక్తులలో ఏదీ చల్లారదు. వేడి పెరుగుతూ ఉన్న క్షణం దగ్గరే క్లార్క్ ఉదాహరణను ఆపివేశారు. తరువాతి రెండు పంక్తులలో దేవత తన గుండెలోని కోరికను గురించీ, పెదవిపై రగిలిన నిప్పును గురించీ చెబుతుంది. వాటిని ఆమె తీసుకోలేదు. ఆమె ఎక్కడ ఆగారో అనువాదమూ అక్కడే ఆగాలని నా పట్టుదల. ‘మత్తు’ అన్న మాటకూ ఇదే అభ్యంతరం. మత్తు తాగినవారికి కలుగుతుంది, ఇక్కడ ఇంకా ఎవరూ తాగలేదు, రసం లోలోపల తయారవుతోంది.

ఆ తయారీని చెప్పే క్రియే ఈ రెండు పంక్తులకు ప్రాణం. ‘పులియు’ అన్నది శాస్త్రార్థంలో సరైన మాట. కల్లు పులుస్తుంది, పిండి పులుస్తుంది, మజ్జిగ పులుస్తుంది. కానీ తెలుగులో పులిసినదానిలో పులుపు ముందుకు వస్తుంది, కొంత చెడిపోయిన ధ్వని కూడా ఉంటుంది. యౌవనం పులిసిందంటే అది పాతబడిపోయిందని అర్థం చేసుకుంటారు. మీరు ఆ క్రియను వదలడం సబబే. మీరు వాడిన ‘పొంగు’ అన్న క్రియకు ‘పొంగు వయసు’ అన్న నానుడి బలం కూడా ఉంది. దానిలో ఒక్కటే లోపం: పాలు పొంగినా, ఎసరు పొంగినా కింద పొయ్యి ఉండాలి. ద్రాక్షరసం మారడానికి నిప్పు అక్కర్లేదు. పండు తొక్కకు అంటి ఉండే సూక్ష్మజీవులే దానిలోని చక్కెరను సారాగా మారుస్తాయి. బయటినుంచి ఎవరూ వెలిగించకుండా లోపలినుంచి పుట్టే వేడి అది.

ఈ తేడాను నిలుపుకోవడానికి మనకు ఆయుర్వేదం ఒక మాట ఇచ్చింది. వైద్యులు ఆసవాలనీ అరిష్టాలనీ రెండు రకాలు చెబుతారు. కషాయాన్ని కాచి, తరువాత కుండలో సంధానం చేసి నిలువ ఉంచినది అరిష్టం. కాచకుండానే సంధానం చేసినది ఆసవం. రెండూ పులిసి తయారయ్యేవే అయినా ఆసవానికి పొయ్యితో సంబంధం లేదు. కావ్యభాషలో కూడా ఆసవమంటే మద్యమే, పువ్వులోని మకరందాన్ని పుష్పాసవమనీ అన్నారు. కాబట్టి ‘యౌవనాసవం’ అని నామవాచకంలోనే ఆ నిప్పులేని మార్పును నింపివేస్తే, క్రియగా ‘పొంగుతున్నది’ అని నిశ్చింతగా వాడుకోవచ్చు. ‘మధువు’ అంటే చాలామందికి మొదట తేనె స్ఫురిస్తుంది గనుక అది ఇంత పని చేయలేదు.

‘నరము’ను మాత్రం తప్పక ఉంచండి. శాస్త్రభాషలో సిర, ధమని అని వేరుచేసుకున్నా, వాడుకలో రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిసేదీ నరమే. ‘నరనరాన’ అన్న ఆమ్రేడితంలో ఫ్రెంచి బహువచనం ఇమిడిపోవడమే కాకుండా, ఒక్కొక్క నరంలోనూ అన్న వ్యాప్తి కూడా వస్తుంది.

ఇక ‘వీణ’. ముస్సే కాలానికే ల్యూటు ఫ్రాన్సులో సభల నుంచి ఎప్పుడో తప్పుకుంది. ఆ మాట కవిత్వానికి సంకేతంగా మాత్రమే మిగిలింది. ఆ విధంగా చూస్తే ‘విపంచి’ దానికి దగ్గరవుతుంది, అది కూడా పుస్తకాలలోనే ఉంది. అయితే ఇక్కడ ఈ మాటను ఎన్నుకున్నది రోజూ వాద్యం చేతబట్టే వ్యక్తి. అందువల్ల సంకేతమూ కావాలి, చేతికి తగిలే వస్తువూ కావాలి. ఆ రెండూ కలిసి ఉన్నది వీణలోనే. అయితే మన సంప్రదాయంలో వీణ కవి చేతిలో ఉండదు, వాగ్దేవి చేతిలోనే ఉంటుంది. సరస్వతిది కచ్ఛపి, నారదునిది మహతి, తుంబురునిది కళావతి. కవి దేవతను చూస్తాడు, ఆమెతో మాట్లాడతాడు. పోతనకు ఆపాదించే ప్రసిద్ధమైన చాటుపద్యంలో కన్నీరు పెడుతున్న సరస్వతిని ఓదార్చేది కవి. ముస్సే వద్ద ఓదార్చేది దేవత, ఏడుపు కవిది, వాద్యమూ కవిదే. ‘కవీ, వీణ అందుకో’ అనగానే తెలుగు పాఠకుడికి దేవతే తన వీణను కవికి అందిస్తున్నట్టు ఒక అదనపు ఊహ కలుగుతుంది. ఆ ఊహ మూలంలో లేకపోయినా మూలానికి విరుద్ధం కాదు గనుక దానిని నేను ఆహ్వానిస్తాను.

చివరగా ‘నీ’ అన్న షష్ఠి. ఫ్రెంచిలో ‘నీ ల్యూటు’ అని తప్పనిసరిగా అనాలి. తెలుగులో ఆ పని క్రియకు చేరే ‘కొను’ చేస్తుంది. ‘అందు’ వేరు, ‘అందుకొను’ వేరు. చేసేవాడు తన కోసం చేసుకునే పనిని ‘కొను’ తెలియజేస్తుంది. ‘అందుకో’ అన్నప్పుడే వీణ అతనిదైపోయింది. మీరు పద్యంలో ‘నీ’ వేయకపోవడం సరైన పని.

ఒక సభ్యురాలి సూచన

పై వివరణకు కృతజ్ఞతలు. ఒక విషయం మాత్రం చర్చకు పెడుతున్నాను. సొనాటా రాసినది స్త్రీ, వయొలా వాయించేదీ ఆమే. ముస్సేలోని కవి పురుషుడు. క్లార్క్ ఈ పంక్తులను తనకే చెప్పుకున్నారని మీరు అంటున్నప్పుడు, తెలుగులో ‘కవయిత్రీ, వీణ అందుకో’ అనకూడదా? మొల్లను మనం కవయిత్రి అంటున్నాం కదా. అలాగే పరిచయపత్రంలో ఆమెను గురించి ‘వాయించింది’ అనాలా, ‘వాయించారు’ అనాలా? మన సంగీత సభలలో పురుషులను విద్వాన్ అని, స్త్రీలను విదుషి అని అంటారు. ఆమెకు ‘విదుషి’ సరిపోతుందా?

సమాధానం

చాలా విలువైన ప్రశ్న వేశారు అమ్మా. ‘కవయిత్రీ’ అన్న సంబోధనను నేను సమర్థించలేకపోతున్నాను. కారణం ఆమె జీవితంలోనే ఉంది.

1916లో క్లార్క్ అమెరికా వెళ్ళారు. 1918లో న్యూయార్క్‌లోని ఎయోలియన్ హాల్‌లో చెలో విద్వాంసురాలు మే మకిల్‌తో కలిసి కచేరీ చేశారు. ఆ కార్యక్రమంలో ఆమె సొంత రచనలు ఒకటి కన్నా ఎక్కువ ఉన్నాయి. అచ్చుకాగితం మీద తన పేరే మళ్ళీ మళ్ళీ కనిపించడం ఎబ్బెట్టుగా తోచి, వయొలా-పియానో రచన ‘మోర్ఫియస్’కు ఆంథొనీ ట్రెంట్ అన్న కల్పితమైన పురుషుని పేరు పెట్టారు. విమర్శకులు ఆమె పేరుతో ఉన్న రచనల కన్నా ఆ ట్రెంట్ రచన మీద ఎక్కువ ఆసక్తి చూపారని ఆమె తరువాతి కాలంలో చెప్పారు. మరుసటి సంవత్సరమే ఈ సొనాటా కథ జరిగింది. ఎలిజబెత్ స్ప్రేగ్ కూలిడ్జ్ అనే సంగీతపోషకురాలు మసాచుసెట్స్‌లోని బర్క్‌షైర్ ప్రాంతంలో నడిపే సంగీతోత్సవం కోసం వయొలా రచనలకు వెయ్యి డాలర్ల బహుమతి ప్రకటించారు. పేర్లు దాచి ఉంచిన 72 రచనలు వచ్చాయి. చివరకు రెండు రచనల దగ్గర న్యాయనిర్ణేతలు సమానంగా చీలిపోయారు. కూలిడ్జ్ తన ఓటు ఒకదానికి వేశారు, అది స్వరరచయిత ఎర్నెస్ట్ బ్లాక్ రాసిన సూట్ (వాద్యఖండికల వరుస) అని తేలింది. రెండో రచయిత స్త్రీ అని తెలిసినప్పుడు న్యాయనిర్ణేతల ముఖాలు చూడవలసిందని కూలిడ్జ్ తరువాత క్లార్క్‌తో అన్నారట. రెబెకా క్లార్క్ అన్నది నిజమైన పేరు కాదనీ, అది ఎవరో పురుషుని మారుపేరనీ ఊహాగానాలు కూడా సాగాయి.

ఈ వరుసలో చూడండి: పురుషుని పేరు పెడితే రచనను మెచ్చారు, స్త్రీ పేరు బయటపడితే ఆ స్త్రీయే లేదన్నారు. ఆ పోటీకి పంపిన రచన మీదే ‘కవీ’ అన్న పిలుపు ఉంది. ఎవరు రాశారన్నది పక్కనపెట్టి సంగీతాన్ని వినమని అడిగే హక్కు ఆ పిలుపులో ఉంది. దానికి స్త్రీప్రత్యయం చేరిస్తే, ఆమె దాటదలచుకున్న గీతను మనమే మళ్ళీ గీసినట్టవుతుంది.

తెలుగు వాక్యం ఈ విషయంలో మనకు గొప్ప సౌకర్యం ఇస్తోంది. విధ్యర్థక క్రియకు లింగభేదం లేదు. ‘అందుకో’ అని కొడుకుతోనూ అంటాం, కూతురితోనూ అంటాం. ‘కవి’ శబ్దం సంస్కృతంలో పుంలింగమే అయినా నేటి తెలుగులో ‘ఆమె మంచి కవి’ అంటే ఎవరూ తప్పుపట్టరు. కాబట్టి ‘కవీ, వీణ అందుకో’ అన్నప్పుడు ముస్సే కవీ ఇముడుతాడు, క్లార్క్ కూడా ఇముడుతారు. ఏ మాటనూ మార్చవలసిన అవసరం లేదు.

పరిచయపత్రంలో మాత్రం ‘వాయించారు’, ‘రచించారు’ అని రాయండి. గౌరవబహువచనం పెద్దలకు తగినది, పైగా దానిలోనూ లింగభేదం ఉండదు. ఇంగ్లండులోని పురుష వాద్యకారులకు ‘వాయించారు’ అని రాసి ఈమెకు ‘వాయించింది’ అని రాయడం మన పత్రికలలో ఒకప్పుడు కనిపించిన అలవాటు. దానిని మానుకోవడం న్యాయం. ‘విదుషి’ మన సభల బిరుదు, ఆమెకు పెడితే మన సంప్రదాయంలోని వ్యక్తి అని పొరబడతారు. ‘వయొలా విద్వాంసురాలు’ సరిపోతుంది. ఒకసారి అలా పరిచయం చేశాక మిగిలిన చోట్ల ‘క్లార్క్’ అనండి, ‘రెబెకా’ అని చనువుగా రాయకండి. టెర్టిస్‌ను మనం ‘లయొనెల్’ అనడం లేదు కదా.

సొనాటా తరువాతి సంగతులు కూడా రెండు మాటలలో రాస్తే బాగుంటుంది. 1921లో మూడు వాద్యాలకు ఆమె రాసిన త్రయం అదే పోటీలో మళ్ళీ రెండో స్థానంలో నిలిచింది. 1923లో కూలిడ్జ్ ఆమెచేత చెలోకు ఒక రాప్సొడీ (స్వేచ్ఛగా సాగే వాద్యరచన) రాయించుకున్నారు. ఆ పోషణ పొందిన స్వరరచయితలలో స్త్రీ ఆమె ఒక్కరే. మే మకిల్‌తో బ్రిటిషు వలసదేశాలలో పర్యటించి, 1924 నుంచి లండన్‌లో స్థిరపడి, ఏకవాద్యకారిణిగా, బృందవాద్యకారిణిగా పేరు పొందారు. 1927లో మార్జరీ హేవర్డ్ ఫిడేలు, మకిల్ చెలో, కాథ్లీన్ లాంగ్ పియానో, క్లార్క్ వయొలాతో ‘ఇంగ్లిష్ ఎన్‌సాంబుల్’ ఏర్పడింది. నలుగురూ స్త్రీలే. ఈ బృందం గురించి ఒక్క పంక్తి అయినా తప్పక రాయండి. ఆమె పేరు నేడు ఎక్కువగా స్వరరచయితగా వినబడుతోంది గాని, ఆ రోజులలో లండన్ శ్రోతలు ఆమెను ముందుగా ఎరిగింది వాద్యకారిణిగానే.

1939లో యుద్ధం మొదలైనప్పుడు ఆమె అమెరికాలో చిక్కుకుపోయారు. అన్నదమ్ముల ఇళ్ళలో తలదాచుకుని, ఒక దశలో ఒక కుటుంబంలో పిల్లలను చూసుకునే పనిలో కూడా కుదిరారు. 1944లో, కాలేజీ రోజులనుంచి పరిచయమున్న పియానో విద్వాంసుడు జేమ్స్ ఫ్రిస్కిన్‌ను వివాహమాడారు. ఆ తరువాత రచన దాదాపు ఆగిపోయింది. ఉదయం లేవగానే మొదటి ఆలోచనా, రాత్రి నిద్రపోయే ముందు చివరి ఆలోచనా అదే అయితే తప్ప తాను స్వరరచన చేయలేనని ఆమె అనేవారు. పెర్సీ మైల్స్ తన వీలునామాలో ఆమెకు వదిలిన స్ట్రాడివేరియస్ అనే ఎంతో విలువైన పాత ఫిడేలును అమ్మి, ఆ సొమ్ముతో మే మకిల్ పేరిట రాయల్ అకాడమీలో బహుమతి నెలకొల్పారు. 1976లో తొంభై ఏళ్ళ వయసులో న్యూయార్క్ రేడియోలో ఆమెతో జరిపిన సంభాషణ వల్ల జనం ఆమె రచనలను మళ్ళీ వెదకడం మొదలుపెట్టారు. 1979లో మరణించారు. ఈ రోజు వయొలా నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఈ సొనాటాను ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కోవలసిందే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. తేటగీతిని పక్కనపెట్టి రెండు పంక్తులలో ఇలా రాస్తున్నాను:

కవీ, వీణ అందుకో. యౌవనాసవం ఈ రాత్రి
దేవుని నరనరాన పొంగుతున్నది.

ఫ్రెంచిలో చివరి మాట ‘దేవుడు’. నా వాక్యంలో చివరకు క్రియ వచ్చింది. ‘పొంగుతున్నది దేవుని నరనరాన’ అని తిరగవేస్తే మూలానికి మరింత దగ్గరవుతుందా? ‘పొంగుతోంది’ అనడం తేలికగా ఉంటుందా?

సమాధానం

ఇప్పుడు పిలుపు పిలుపుగా నిలిచింది. క్రియను చివర ఉంచడమే నాకు నచ్చింది. ఫ్రెంచి పాఠకుడికి ‘దేవుడు’ అన్న మాట చివర పడి ఆశ్చర్యం కలిగిస్తుంది, ఎందుకంటే రక్తనాళాలు ఎవరివో అప్పటిదాకా తెలియదు. తెలుగులో షష్ఠి ముందే వస్తుంది గనుక, ‘నరనరాన’ను చివరకు జరిపినా ఆ ఆశ్చర్యం దక్కదు, పైగా వాక్యం తిరగవేసినట్టు మాత్రం కనిపిస్తుంది. క్రియతో ముగిస్తే పని ఇంకా సాగుతూనే ఉందన్న భావం మిగులుతుంది. అందుకే ‘పొంగుతోంది’ కన్నా ‘పొంగుతున్నది’ మేలు. మొదటిది మాటలలో చటుక్కున జారిపోతుంది, రెండోదానిలో ‘ఉన్నది’ స్పష్టంగా వినబడుతుంది.

ఒక్క చిన్న మార్పు సూచిస్తాను. ‘ఈ రాత్రి’ని మొదటి పంక్తి చివర కాకుండా రెండో పంక్తి మొదట పెట్టండి. ముస్సేలో కూడా ఆ మాట రెండో పంక్తి మొదటి సగంలోనే ఉంది. అప్పుడు ‘యౌవనాసవం’ అన్న దీర్ఘసమాసం పంక్తి చివర ఊపిరి తీసుకుంటుంది:

కవీ, వీణ అందుకో; యౌవనాసవం
ఈ రాత్రి దేవుని నరనరాన పొంగుతున్నది.

పరిచయపత్రంలో దీనిని సొనాటా పేరు కింద, మూడు భాగాల పేర్లకు పైన వేయండి. స్వరపత్రంలోనూ ఇది సంగీతానికి ముందే ఉంది గనుక శ్రోత కూడా మొదటి స్వరానికి ముందే చదవడం ఉచితం. కింద ‘ఆల్‌ఫ్రెడ్ ద ముస్సే, 1835’ అని ఉంటే చాలు. ‘ఆసవం’ గురించి అడుగున వివరణ వేయకండి, ద్రాక్షాసవం పేరు వినని తెలుగువారు ఆ సభలో ఉండరు.